రాయితీ సరే... రైలెప్పుడు?

రైలు టికెట్టు మీద కొన్నేళ్లపాటు ఒక మాట అచ్చేసి ఇచ్చారు. మీ ప్రయాణానికయ్యే ఖర్చులో సగటున 57 శాతమే రైల్వేకి ముడుతోందని. మిగతా 43 శాతం దేశంలోని సామాన్య జనం భరిస్తున్నారని దానికో తోక. పార్లమెంటులో రైల్వే మంత్రి చెబుతూ వచ్చిన లెక్కా ఇంచుమించు అదే. ప్రయాణికుల టికెట్ల మీద 2022-23లో ఇచ్చిన రాయితీ రూ.56,993 కోట్లు. 2023-24లో రూ.60,466 కోట్లు. అంటే వంద రూపాయల ప్రయాణానికి మనమిస్తున్నది 54, 55 రూపాయలు. ఈ లెక్కతో పేచీ లేదు. ఏలూరు నుంచి విజయవాడకో, తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకో రోజూ వెళ్లొచ్చేవాళ్లకు రైలును మించిన చవకైన బండి లేదు. కానీ టికెట్టు మీద ఎక్కని లెక్క ఇంకొకటుంది. తొమ్మిదింటికి దించాల్సిన రైలు తొమ్మిదిన్నరకు దించితే ప్రయాణికుడికి పోయేదెంత? ఇచ్చిన రాయితీని రూపాయి వదలకుండా చెప్పుకునే సంస్థ, చేసిన ఆలస్యం దగ్గరికొచ్చేసరికి లెక్కలపుస్తకం మూసేస్తుంది. నిజానికి ఆలస్యమంటే చేత్తో ఇచ్చిన రాయితీని మోచేత్తో వెనక్కి లాక్కోవడమే. కాబట్టి రోజూ ప్రయాణించేవాళ్లు పరిహారం అడగడం గొంతెమ్మ కోరిక కాదు. రాయితీ ఖాతాలో ఖాళీగా వదిలేసిన రెండో పేజీని కూడా రాయమని అడగడం.

ఏలూరు ప్రాంతానికి రెండు రైలు దారులున్నాయి. మధ్యలో కొల్లేరు సరస్సు. ఉత్తరాన హౌరా-చెన్నై ప్రధాన మార్గం. నిడదవోలు దాటాక తాడేపల్లిగూడెం, భీమడోలు, ఏలూరు మీదుగా విజయవాడకు వెళ్తుంది. బాదంపూడి, చేబ్రోలు, కైకరం, పూళ్ల లాంటి చిన్న స్టేషన్లు దీని మీదే ఉన్నాయి. దక్షిణాన గుడివాడ నుంచి మండవల్లి, కైకలూరు, ఆకివీడు మీదుగా భీమవరం వెళ్లే దారి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలో కలిసింది. అయితే కైకలూరు నుంచి కలెక్టరేటున్న ఏలూరుకు నేరుగా రైలు లేదు. సరస్సుకు అడ్డంగా పోయే రోడ్డు వరద వచ్చిన ఏడాది పెదయడ్లగాడి దగ్గర నీట మునుగుతుంది. రైల్లో రావాలంటే సరస్సును చుట్టి విజయవాడ మీదుగానో, భీమవరం, నిడదవోలు మీదుగానో రావాలి. ఈ రెండు దారుల మీదా పొద్దున ఎక్కి సాయంత్రం దిగేవాళ్లలో బడిపంతుళ్లు, బ్యాంకు గుమస్తాలు, విజయవాడ బట్టల కొట్లలో సేల్స్ పిల్లలు, ఇంజినీరింగ్ విద్యార్థులు, డయాలసిస్‌కో చెకప్‌కో పోయే రోగులు ఉంటారు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో పనున్న వాళ్లూ, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో ఉద్యోగాలు చేసేవాళ్లూ ఎదురు దిక్కున వస్తారు.

వీళ్లలో ఎక్కువమంది జేబులో ఉండేది సీజన్ టికెట్టు. దాని ధరలోని ఉదారత చాలామందికి పూర్తిగా తెలియదు. 2014 జూన్‌లో కేంద్రం ప్రయాణికుల చార్జీలు 14.2 శాతం పెంచినప్పుడు నెలవారీ సీజన్ టికెట్టును 30 ఒంటి ప్రయాణాల ధరకు కట్టాలని చూసింది. దేశమంతా గోల లేచింది. నాలుగైదు రోజుల్లోనే వెనక్కి తగ్గి, పాతపద్ధతిలో 15 ప్రయాణాల లెక్కకే వదిలేసింది. నెలకు 25 రోజులు పనికి పోయే మనిషి రానూపోనూ 50 సార్లు రైలెక్కుతాడు. పదిహేనుసార్ల డబ్బుతో యాభైసార్లు తిరుగుతున్నాడన్నమాట. అందులోనూ ఒక్కోసారి ఎక్కే ధరే సగం రాయితీది. మూడు నెలల పాసు తీసుకుంటే ఇంకాస్త తగ్గుతుంది. 2009లో రైల్వే మంత్రిగా మమతా బెనర్జీ తెచ్చిన 'ఇజ్జత్' పాసు, నెలకు రూ.1,500 లోపు సంపాదించే అసంఘటిత కార్మికుడికి 25 రూపాయలకే వంద కిలోమీటర్ల వరకు నెలంతా తిరిగే వీలిచ్చింది. 2025 జులైలో చార్జీలు సవరించినప్పుడు కూడా సీజన్ టికెట్ల జోలికీ, 500 కిలోమీటర్ల లోపు ఆర్డినరీ సెకండ్ క్లాసు జోలికీ పోలేదు. పార్టీలు మారాయి, మంత్రులు మారారు. నెల పాసు లెక్కను మాత్రం ఎవరూ మార్చలేకపోయారు. దీన్ని ఓట్ల భయం అనేవాళ్లు అనవచ్చు. ఆ భయం ఈ సందర్భంలో మంచిదే. ఏలూరులో సొంతింట్లో ఉండి విజయవాడలో పని చేసుకునే కుటుంబానికి ఆ పాసు వల్ల విజయవాడ ఇంటద్దె తప్పుతుంది.

అయితే ఉదారత ఎంత తేలిగ్గా మాయం కాగలదో కరోనా కాలం చూపించింది. 2020 మార్చిలో రైళ్లు ఆగిపోయి, తర్వాత ఒక్కొక్కటే పట్టాలెక్కినప్పుడు పాసింజరు రైలు అన్న మాటే టైంటేబుల్లోంచి మాయమైంది. అదే బండికి నెంబరు ముందు సున్నా చేర్చి ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అన్నారు. కనీస చార్జీ 10 రూపాయలుండేది 30 అయింది. పూళ్లలో ఎక్కి ఏలూరులో దిగేవాడికి పెట్టె అదే, బల్ల అదే, వేగమూ అదే. ధర మాత్రం మూడింతలు. కొన్ని చిన్న స్టేషన్లలో కొన్ని బండ్లు ఆగడమే మానేశాయి. సీజన్ టికెట్లు చాలా నెలలు ఇవ్వనేలేదు. వృద్ధుల రాయితీ 2020 మార్చి 20న పోయింది, మళ్లీ రాలేదు. కనీస చార్జీని తిరిగి 10 రూపాయలు చేసింది 2024 ఫిబ్రవరి ఆఖర్లో. లోక్‌సభ ఎన్నికల ముంగిట అన్నది యాదృచ్ఛికమే అనుకుందాం. ఆ మధ్యకాలంలో అదనంగా కట్టించుకున్నది ఎవరికీ తిరిగి రాలేదు. అడిగినవాళ్లూ లేరు. రాయితీ అంటే దొరగారి దయ, ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఎప్పుడైనా తీసుకోవచ్చు అనే భావన రైల్వేకే కాదు, ప్రయాణికులకూ అలవాటైంది. ఆలస్యం గురించి మాట్లాడటానికి ముందు ఈ అలవాటునే ప్రశ్నించాలి.

ఆలస్యం ఎంత తినేస్తుందో చూద్దాం. పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు రైలు లేటనుకుందాం. ఈ దారిలో తిరిగేవాళ్లు దీన్ని లేటనరు, మామూలే అంటారు. 25 రోజులకు వెయ్యి నిమిషాలు. పదహారు గంటల పైమాట. నిండా రెండు పనిదినాలు. దినకూలి మనిషికైనా, కొట్లో గంటల లెక్కన జీతం కోత పడే అమ్మాయికైనా నెలకు రెండు రోజుల సంపాదన అంటే, పాసు మీద మిగిలిందనుకున్న డబ్బు మొత్తమో అంతకు మించో పోయినట్టే. జీతగాళ్లకు డబ్బు పోకపోవచ్చు, మాట పడుతుంది. 2022 ఆగస్టు నుంచి ప్రభుత్వ బడుల్లో టీచర్ల హాజరు ముఖం చూపించి ఫోన్ యాప్‌లో వేయాల్సి వచ్చింది. ప్రభుత్వం ఒక చేత్తో ఉద్యోగి ఆలస్యాన్ని నిమిషాలతో సహా నమోదు చేస్తుంది. ఆ ఆలస్యానికి కారణమైన రైలు నిమిషాలు మాత్రం ఎవరి ఖాతాలోనూ పడవు. జపాన్‌లో లోకల్ రైలు లేటైతే స్టేషన్‌లో ఒక చీటీ ఇస్తారు, ఫలానా బండి ఇన్ని నిమిషాలు ఆలస్యమని. ఆఫీసులో చూపించుకోవచ్చు. దానికయ్యే ఖర్చు కాగితం ఖర్చే.

రైళ్లు ఎందుకు లేటవుతాయో తెలుసుకోవాలంటే చిన్న స్టేషన్‌లో పది నిమిషాలు నిలబడితే చాలు. మెమూ లోకల్ రైలుని పక్కనున్న లూప్ లైన్లో పెడతారు. మెయిన్ లైన్ మీద వెనక నుంచి ఒక సూపర్‌ఫాస్ట్ దూసుకుపోతుంది. సిగ్నల్ పడుతుందని పెట్టెలో అందరూ సర్దుకుంటారు, ఇంకొకటి పోతుంది. దిగి ప్లాట్‌ఫారం చివర చెట్టు కింద నిలబడ్డవాళ్లు ఫోన్లో 'వేర్ ఈజ్ మై ట్రెయిన్' తెరిచి తమ రైలు ఎక్కడుందో వెతకరు, అది కళ్లముందే ఉంది. వెనకొచ్చేది ఏమిటో వెతుకుతారు. తర్వాత విజయవాడ ఔటర్. ఐదు దిక్కుల నుంచి లైన్లొచ్చి కలిసే జంక్షన్ కాబట్టి ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా గుణదల దగ్గరో ఇంకాస్త ఇవతలో ఆపేస్తారు. అక్కడ దిగి పట్టాల వెంట నడుచుకుపోయేవాళ్లు రోజూ కనిపిస్తారు. అది ప్రమాదమని వాళ్లకు తెలుసు, ఆఫీసు టైమూ తెలుసు. ఇక గూడ్సు సంగతి. తూర్పు నుంచి వచ్చే బొగ్గు బండ్లు, గోదావరి జిల్లాల నుంచి బయటికి పోయే బియ్యం బండ్లు ఇదే లైను మీద నడుస్తాయి. రైల్వేకి లాభం వచ్చేది వాటి మీదే. ప్రయాణికుల మీద వచ్చే నష్టాన్ని పూడ్చేదీ ఆ లాభమే. 2021-22లో ఆ నష్టం రూ.68,269 కోట్లని కాగ్ లెక్క తేల్చింది. మీ రైలుకు ముందు ఆగిపోయి దారివ్వని గూడ్సు బండే మీ టికెట్టులో సగం డబ్బు కడుతోందన్నమాట.

ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. అయినా లెక్క ఎక్కడ తప్పుతోందో చూడాలి. రైలు సమయానికి వచ్చిందా లేదా అన్నది మన దగ్గర చివరి స్టేషన్‌లో చూస్తారు. టైంటేబుల్లో చివరి ముక్కకు కావలసినంత సమయం ముందే జమ వేసి ఉంచుతారు. రైల్వేవాళ్ల భాషలో రికవరీ టైమ్. దానివల్ల తాడేపల్లిగూడెంలో అరగంట లేటుగా వచ్చిన బండి, విజయవాడలో సకాలంలో వచ్చినట్టు రాసుకునే వీలుంది. మధ్యలో దిగిన వేలమందికి అది లేటే. రికార్డులో మాత్రం కాదు. ఇంత వెసులుబాటు ఉన్నా ఫలితం గొప్పగా లేదు. 2012-13లో 79 శాతం మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లు సమయానికి చేరితే, 2018-19కి అది 69.23 శాతానికి పడిపోయిందని కాగ్ రాసింది. 2008 నుంచి 2019 దాకా పట్టాలు, సిగ్నళ్లు, ఇతర వసతుల మీద పెట్టిన రెండున్నర లక్షల కోట్ల రూపాయల తర్వాత వచ్చిన ఫలితమది. ఈ ప్రాంతంలో కొల్లేరు దక్షిణపు లైనుకు రెండో పట్టా, కరెంటు వచ్చాయి. విజయవాడ, గుడివాడ, భీమవరం, నిడదవోలు, మచిలీపట్నం, నర్సాపురాలను కలిపే 221 కిలోమీటర్ల ప్రాజెక్టు అది. క్రాసింగ్ కోసం గంటలు గంటలు పడిగాపులు పడే రోజులు అక్కడ పోయాయి. పెట్టుబడి పనిచేయదని ఎవరూ అనరు. పెట్టుబడి పెట్టాక కూడా ఎవరో ఒకరు ఆలస్యానికి బదులు చెప్పేలా ఉంటేనే అది పూర్తిగా పనిచేస్తుందన్నది ఇక్కడి మాట.

ఇప్పుడున్న బదులు చూడండి. 2015 నవంబరు 12 నుంచి అమల్లోకి వచ్చిన రిఫండ్ నిబంధనల ప్రకారం, రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే, రిజర్వేషన్ టికెట్టుకు పూర్తి డబ్బు ఇస్తారు. ఆన్‌లైన్ టికెట్టయితే బండి కదిలేలోపు టీడీఆర్ అనే రిఫండ్ దరఖాస్తు వేయాలి. ప్రయాణం చేస్తే పైసా రాదు, ఎన్ని గంటలు లేటైనా సరే. ఏలూరు నుంచి విజయవాడ సుమారు అరవై కిలోమీటర్లు. మూడు గంటల ఆలస్యం అన్న గీత ఆ మనిషికి ఏ లోకంలో పనికొస్తుంది? అన్‌రిజర్వుడు టికెట్టును కొన్న మూడు గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు, కానీ మనిషికి 30 రూపాయలు క్లర్కేజీ కింద కోస్తారు. ఆర్డినరీ రైల్లో పదికీ ఇరవైకీ కొన్న టికెట్టు రద్దు చేయడానికి క్యూలో నిలబడటం దండగ. సీజన్ టికెట్టుకైతే ఆలస్యం అన్న ఊసే లేదు. ఎక్కువసార్లు రైలెక్కేవాడు ఎక్కువసార్లు లేటవుతాడు. అతనికే ఏమీ లేదు.

ఆలస్యానికి పరిహారం మన దేశంలో అసలు ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. 2019 అక్టోబరు 4న లక్నో-ఢిల్లీ మధ్య ఐఆర్‌సీటీసీ నడిపిన తేజస్ ఎక్స్‌ప్రెస్‌లో గంట దాటి లేటైతే 100 రూపాయలు, రెండు గంటలు దాటితే 250 రూపాయలు అన్నారు. అదే నెల 19న బండి బాగా ఆలస్యమై, దాదాపు 950 మందికి కలిపి రూ.1.62 లక్షలు చెల్లించాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఆ పథకం ఎత్తేశారు. అప్పటిదాకా ఇచ్చిందంతా కలిపితే రూ.26 లక్షల దరిదాపు. ఎత్తేసిన సంగతి సమాచార హక్కు దరఖాస్తుతో బయటికొచ్చింది. అది హక్కుగా పుట్టలేదు, ప్రకటనగా పుట్టింది. ప్రకటన అవసరం తీరాక పోయింది. ఇంకో దారి కోర్టు. 2016 జూన్‌లో అజ్మీర్-జమ్ము రైలు నాలుగు గంటలు లేటై, శ్రీనగర్ విమానం తప్పిపోయిన ఒక కుటుంబం వినియోగదారుల ఫోరానికి వెళ్లింది. ఆలస్యానికి బాధ్యత లేదని తమ నిబంధనల్లోనే రాసుందని రైల్వే వాదించింది. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఆలస్యం తన చేతిలో లేని కారణాల వల్లే జరిగిందని రైల్వే రుజువు చేసుకోవాలి, లేకపోతే కట్టాలి అంది. టాక్సీకి రూ.15,000, బుకింగులకు రూ.10,000, మనోవేదనకూ ఖర్చులకూ చెరో రూ.5,000 దక్కాయి, ఐదేళ్లు తిరిగాక. సూత్రంగా చాలా విలువైన తీర్పు. కానీ ఏలూరులో వినియోగదారుల కమిషన్ ఉంది కదా అని, ఇరవై నిమిషాల ఆలస్యానికి ఆ మెట్లు ఎక్కేవాడు నవ్వులపాలవుతాడు. చిన్న నష్టం రోజూ జరిగేచోట కోర్టు పనిముట్టు కాదు. తనంతట తాను పనిచేసే నియమం కావాలి.

ఇక్కడ మొదటి అభ్యంతరం ఎదురొస్తుంది. సగం ధరకే తిరుగుతూ, అది కూడా లేటైతే తిరిగిమ్మంటారా? ధర్మసత్రంలో భోజనం చేస్తూ ఉప్పు తక్కువైందన్నట్టుగా ఉందని అనేవాళ్లున్నారు. ఈ వాదనలో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి, అది సత్రం కాదు. సామాన్యులు భరిస్తున్నారని టికెట్టు చెప్పినా, నష్టంలో పెద్దభాగం సరుకు రవాణా లాభం నుంచి పూడుతోందని చూశాం. బొగ్గు మీద ఎక్కువ వసూలు చేస్తే అది కరెంటు బిల్లులో తేలుతుంది. ఎరువు మీద, సిమెంటు మీద వేస్తే భీమడోలు రైతు ఇంట్లో తేలుతుంది. రోజూ రైలెక్కేవాడు ఒక జేబులో తీసుకుంటున్నదానికి, ఇంకో జేబులోంచి కొంత ఇస్తూనే ఉన్నాడు. రెండు, రాయితీ ఉన్నచోట పరిహారం ఉండకూడదన్న సూత్రం లోకంలో ఎక్కడా లేదు. జర్మనీలో 2023 మే నుంచి దేశమంతటా లోకల్ రైళ్లూ బస్సులూ ఎక్కే నెల పాసును 49 యూరోలకే ఇచ్చారు. ఆ నష్టం భర్తీకి కేంద్రం, రాష్ట్రాలు ఏడాదికి చెరో నూట యాభై కోట్ల యూరోలు కేటాయించాయి. 2025లో ధర 58కి పెరిగింది. అంత రాయితీ పాసుకు కూడా గంటకు మించిన ప్రతి ఆలస్యానికీ ఒకటిన్నర యూరో పరిహారం ఉంది. నాలుగు యూరోలు పోగయ్యాక ఇస్తారు, పాసు ధరలో నాలుగోవంతు దాటనివ్వరు. చిన్న మొత్తమే. కానీ ఇచ్చేది సర్కారు సొమ్ముతో నడిచే బండి, పుచ్చుకునేది సర్కారు రాయితీ పొందినవాడు. ఎవరికీ అందులో వింత కనిపించలేదు.

రెండో అభ్యంతరం డబ్బు గురించి. వంద సంపాదించడానికి 98 రూపాయలు ఖర్చు పెడుతున్న సంస్థ రిఫండ్లెక్కడి నుంచి ఇస్తుంది? ఎవరు ఎక్కారో ఎవరు ఎక్కలేదో సీజన్ టికెట్టులో ఎలా తేలుస్తారు? దొంగ క్లెయిములు రావా? న్యాయమైన ప్రశ్నలు. అందుకే నగదు వద్దు, రోజులివ్వండి. నెలలో ఒక సెక్షన్‌లో పొద్దుటి, సాయంత్రపు రైళ్లు ఇన్నిసార్లు అరగంటకు మించి ఆలస్యమయ్యాయని రైల్వే సొంత రికార్డే చెబుతుంది. ఆ లెక్కన ఆ సెక్షన్ పాసులన్నిటికీ తర్వాతి నెలలో రెండో మూడో రోజులు కలపాలి. అడిగే పని లేదు, రుజువు చూపే పని లేదు, ఎవరు ఎక్కారన్న విచారణ లేదు. పాసు ధరే తక్కువ కాబట్టి, అందులో పదోవంతు రైల్వే ఖజానాకు భారం కాదు. కొల్లేటి గట్ల మీద ఇది ఎవరికీ కొత్త కాదు. ఐసు పెట్టెల్లో కైకలూరు చేప లారీ ఎక్కి కోల్‌కతా బయల్దేరాక దారిలో ఆలస్యమై సరుకు మెత్తబడితే, ధర తగ్గుతుంది. ఎందుకాలస్యమైందన్న కథ ఆ తర్వాత. ఇక ఇలా రోజులు కలపడం రైల్వేకి చేతకాదా అంటే, ఈపాటికే చేసి చూపించింది. 2021 జూన్‌లో హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ రైళ్లు మళ్లీ మొదలైనప్పుడు, లాక్‌డౌన్‌కు ముందు కొని వాడలేకపోయిన సీజన్ టికెట్లకు పోయిన రోజులు కలిపి ఇచ్చింది దక్షిణ మధ్య రైల్వే. కౌంటర్లో మనుషులున్నారు, కంప్యూటర్లో వీలుంది. హైదరాబాద్‌లో కుదిరింది ఏలూరులో కుదరదనడానికి సాంకేతిక కారణమేదీ కనబడదు.

మూడోది, వరదలొస్తే రైల్వే ఏం చేస్తుంది? 2024 ఆగస్టు ఆఖర్లో, సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీళ్లే కొల్లేటికి వచ్చి పడ్డప్పుడు రైళ్లు ఆగిపోయాయి. దానికి ఎవరినీ దోషిగా నిలబెట్టనక్కర్లేదు. ఐరోపా సమాఖ్య కూడా 2023 జూన్ నుంచి అసాధారణ వాతావరణం వల్ల వచ్చే ఆలస్యాలకు పరిహారం మినహాయించింది. బ్రిటన్ 'డిలే రీపే' కారణం అడగదు, పదిహేను నిమిషాలు దాటితే చాలాచోట్ల టికెట్టులో నాలుగోవంతు తిరిగిస్తుంది. మనం ఐరోపా దారిలో పోవచ్చు, తప్పులేదు. కానీ వరదను చూపించి మిగతా మూడువందల రోజుల్ని దాటేయకూడదు. 2023లో విజయవాడ డివిజన్‌లో ట్రాక్ పనుల పేరిట వారాల తరబడి మెమూలు, పాసింజర్లు రద్దయ్యాయి. నర్సాపురం, మచిలీపట్నం నుంచి వచ్చే బండ్లను రామవరప్పాడులోనే ఆపి, అక్కణ్ణుంచి విజయవాడ దాకా పాక్షికంగా రద్దు అన్నారు. పనులు అవసరమే. ఏ వారం ఏవి రద్దో ముందే ప్రకటించారు కూడా. అది వరద కాదు, రైల్వే తానే వేసుకున్న ప్రణాళిక. రామవరప్పాడులో దిగినవాళ్లు ఆటోకు ఇచ్చిన డబ్బు ఒక్కోసారి రైలు టికెట్టు కంటే ఎక్కువ. అటువంటి రోజుల్ని పాసుకు కలపడానికి ఏ అడ్డంకీ లేదు, ఎన్ని రోజులో ప్రకటనలోనే ఉంది.

నిజంగా బలమైన అభ్యంతరం ఒక్కటే ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. పరిహారం పెడితే రైల్వే రైళ్లను త్వరగా నడపదు, టైంటేబులునే సాగదీస్తుంది. గంటన్నర ప్రయాణానికి రెండు గంటలని రాసేస్తే ఎప్పటికీ లేటే ఉండదు. రికవరీ టైమ్ చరిత్ర చూస్తే ఈ భయం ఊహ కాదు. దీనికి మందు రెండు చోట్ల ఉంది. ఆలస్యాన్ని చివరి స్టేషన్‌లో కాక ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు లాంటి మధ్య స్టేషన్లలో కొలవాలి. అక్కడ సాగదీస్తే రైలు ముందే వచ్చి ఖాళీగా నిలబడాలి, లైన్ కెపాసిటీ వృథా. కాబట్టి సాగదీతకు ధర ఉంటుంది. రెండోది, ఏటా కొత్త టైంటేబుల్ వచ్చినప్పుడు ప్రతి సెక్షన్‌కూ పోయినేటి ప్రయాణకాలం పక్కన ఈ ఏటిది అచ్చెయ్యాలి. పెంచితే పెంచారని అందరికీ కనబడాలి. ఇంత చేసినా కొంత మోసం మిగులుతుంది. కొంత మిగిలినా ఇప్పటికంటే నయం. ఇప్పుడు సాగదీత ఉంది, ఆలస్యమూ ఉంది, పరిహారమే లేదు.

ఆ డబ్బేదో ప్రధాన మార్గంలో మూడో లైనుకు పెట్టొచ్చు కదా అన్న మాట కూడా వినబడుతుంది. పెట్టాల్సిందే. అయితే పాసుకు రెండు రోజులు కలిపినంత మాత్రాన ఆగిపోయే లైనంటూ ఉండదు. లైను వచ్చాక పాసింజరుకు మునుపటికంటే దారి దొరుకుతుందో, ఇంకో రెండు సూపర్‌ఫాస్టులు దానిమీదెక్కుతాయో ముందే చెప్పగలవాళ్లూ లేరు.

ఈ లోపు రాష్ట్రం తనదైన పందెం కాసింది. 2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీ శక్తి' కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు సున్నా టికెట్టు. జాతీయ రహదారి మీద ఏలూరు నుంచి విజయవాడ పోయే ఎక్స్‌ప్రెస్ బస్సు ఇప్పుడు వాళ్లకు సీజన్ టికెట్టు కంటే చవక, అసలు ధరే లేదు కనుక. అయినా పొద్దున రైల్వేస్టేషన్లలో మహిళలు కనబడుతూనే ఉన్నారు. రైలు రద్దీని తట్టుకుంటుంది, ట్రాఫిక్‌లో ఇరుక్కోదు. పైగా చాలా బండ్లలో బాత్‌రూమ్ ఉంటుంది, ఈ సౌకర్యం గురించి విధాన పత్రాల్లో ఎవరూ రాయరు. ఉచితం కన్నా నమ్మకానికి జనం విలువ కడతారని దీన్నిబట్టి అర్థమవుతుంది. బస్సుకూ ఇదే ప్రశ్న వెయ్యాలి. రాష్ట్రం ఆర్టీసీకి ప్రతి సున్నా టికెట్టుకూ డబ్బు చెల్లించే లెక్క కడుతోంది. ఆ బస్సు సమయానికి వచ్చిందా అన్న లెక్కను కూడా దానికి జోడించడం కష్టమైన పని కాదు.

ప్రతి డివిజన్‌కూ రైలు వినియోగదారుల సలహా సంఘం ఉంటుంది. డీఆర్‌యూసీసీ అంటారు. సభ్యులు అప్పుడప్పుడు కూర్చుంటారు, ఎంపీలు విడిగానూ అర్జీలిస్తారు. వాటిలో ఎక్కువగా కనిపించేది హాల్టులు. ఫలానా ఎక్స్‌ప్రెస్‌ను మా ఊళ్లో ఆపండి, వందేభారత్‌కు మా స్టేషన్‌లో రెండు నిమిషాలివ్వండి. హాల్టు వస్తే పూలదండ, జెండా, ఫొటో. హాల్టు కోరుకోవడం తప్పేం కాదు. కానీ వందేభారత్ ఏలూరులో ఆగే ఆ కాస్త సేపటికీ దాని ముందు లూప్‌లో పడిన మెమూ ఎన్ని నిమిషాలు నిలబడుతోందో అడిగినవారు కనబడరు. వచ్చే సమావేశానికి విజయవాడ డివిజన్ ముందు పెట్టదగ్గ అర్జీ చాలా చిన్నది. పొద్దున ఎనిమిది, పది గంటల మధ్య ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు స్టేషన్లకు రావాల్సిన మెమూలు, పాసింజర్లు గడచిన ఏడాదిలో ఏ రోజు ఎన్ని నిమిషాలకు వచ్చాయో, స్టేషన్ వారీగా ఒక పట్టిక. ఆ అంకెలు కంట్రోల్ ఆఫీసులో రోజూ నమోదవుతూనే ఉన్నాయి. అది చేతిలో ఉంటే సీజన్ టికెట్టుకు ఎన్ని రోజులు కలపాలన్నది ఐదో తరగతి లెక్క.